ఎదురు నిలిచిన ఇంటాయన

హిందూపురం స్టేషన్‌లో రైలు కదలబోతున్న సమయానికి అనసూయమ్మ చెవిన పడిన ఒక పేరు దగ్గర పోయినవారం మనం ఆగిపోయాం. ఆ పేరు దగ్గరికి మళ్లీ వెళ్లే ముందు, కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు.

ధర్మవరంలో మగ్గాల వీధి పిల్లల కోసం చందాలతోనూ సర్కారు గ్రాంటుతోనూ నడిచే బడి ఒకటుంది. దాని కమిటీలో పిల్లల తల్లిదండ్రుల తరఫున ఒక సీటు. మూడేళ్ల కిందట ఆ సీటుకు నిలబడి గెలిచింది అనసూయమ్మ. పట్టుచీరలు నేసే గంగాధరప్ప భార్య, ఏడో తరగతి చదివే నీలావతికి తల్లి. ఆమె కమిటీలో ఉండబట్టే బడిలో ఆడపిల్లలకు వేరే గది ఏర్పడింది. వాళ్లకు చదువు చెప్పడానికి హిందూపురం నుంచి జయలక్ష్మమ్మ అనే పంతులమ్మ వచ్చింది. ఆ పంతులమ్మ వేసవి సెలవులకు ముందు ఎవరికీ కారణం చెప్పకుండా పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. సెలవుల తర్వాత ఆమె తిరిగి రాకపోతే ఆడపిల్లల తరగతి మూసేస్తామని కమిటీ ప్రెసిడెంటు, చీరల వర్తకుడు ఓబుళప్ప తేల్చి చెప్పాడు. అప్పటికే మళ్లీ ఎన్నిక వచ్చి పడింది. పంతులమ్మను బతిమాలి తీసుకొద్దామని అనసూయమ్మ పుట్టింటి వంకతో హిందూపురం వెళ్లింది. జయలక్ష్మమ్మ వస్తాననలేదు, రాననీ అనలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఏమీ తేలకుండా స్టేషన్‌కు వచ్చిన అనసూయమ్మకు, ఊరూరూ తిరిగి చీరలమ్మే తిప్పేస్వామి ప్లాట్‌ఫారం మీద ఎదురుపడి ఒక మాట చెప్పాడు.

“నీకు పోటీగా నామినేషను పడింది అనసూయక్కా. గంగాధరప్ప అంట.”

రైలు కదిలింది. ఏ గంగాధరప్ప అని అడిగే వ్యవధి లేకపోయింది.

దారి పొడుగునా అనసూయమ్మ ఆ పేరుకు తగిన మనిషిని వెతుకుతూనే ఉంది. మగ్గాల వీధిలో గంగాధరప్పలు ఇంకా ఉన్నారు. రైలుకట్ట పక్కన ఒకతనున్నాడు గాని అతనికి పిల్లలు లేరు. పట్టుకు రంగులు వేసే గంగాధరప్ప ఉన్నాడు. అతని కొడుకులిద్దరూ బడిలోనే చదువుతున్నారు. నలుగురిలో నోరు తెరవలేని మనిషి, ఓబుళప్ప చెప్తే మాత్రం ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాడు. వాడే అయ్యుంటాడు అనుకుంది. అనుకున్నాక కొంచెం ఊపిరి తిరిగింది. చింతపండు బుట్ట ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్న ముసలామె, “ఏం తల్లీ, అట్ల చెమట్లు పడతాండాయే, నీళ్లు తాగుతావా?” అని చెంబు చాపితే పుచ్చుకుని తాగింది. రంగుల గంగాధరప్పతో ఎలా మాట్లాడాలో, అతని భార్యను ముందు కదిలిస్తే మంచిదేమో, అదంతా పెనుకొండ వచ్చేలోగా మనసులో ఒక దారికి తెచ్చుకుంది.

పెనుకొండలో దిగుతానని పొద్దున పంతులమ్మతో కూడా అంది, దానికి కారణముంది. బడి ఎన్నిక జరిపించే పని స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరుది. ఆయన ఆఫీసు ఆ ఊళ్లోనే, పాత బంగళాలో. నామినేషను వేసినవాళ్లు వాపసు తీసుకోవాలనుకుంటే ఆ రోజు సాయంత్రం నాలుగింటిదాకా గడువుంది. నిజంగా ఎవరు నిలబడ్డారో అక్కడి బోర్డు చూస్తే తెలిసిపోతుంది.

ఎండ కొండ మీది కోటగోడల్ని కాల్చేస్తున్నట్టుంది. జట్కాలు పిలుస్తున్నా ఎక్కకుండా, చెంగు తల మీదికి లాక్కుని నడిచింది అనసూయమ్మ. బంగళా వసారాలో గోడకు ఆనించిన నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉన్నాయి పేర్లు. మొదటిది జింకా అనసూయమ్మ, మగ్గాల వీధి. దాని కింద జింకా గంగాధరప్ప, మగ్గాల వీధి.

రంగుల గంగాధరప్ప ఇంటిపేరు జింకా కాదు.

ఆ రెండు వరుసల్నీ ఆమె మళ్లీ చదివింది. తన ఇంటిపేరు తన ఇంటిపేరుకే ఎదురు నిలబడి ఉంది. తప్పు రాశారేమో, తన పేరే పొరపాటున రెండు విధాలుగా రాశారేమో అని కూడా ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. లోపలికి వెళ్లి గుమాస్తాను అడుగుదామని తిరిగేసరికి, వసారా చివర రాతిబల్ల మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. పెళ్లిళ్లకు మాత్రమే వేసుకునే నల్ల కోటు తొడుక్కుని ఉన్నాడు. ఆ ఎండలో కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఫొటో తీయించుకునే మనిషిలా ఉన్నాడు.

ఆమె దగ్గరికి వెళ్లి నిలబడింది.

“నువ్వేనా?” అంది.

“నేనే.”

“రంగుల గంగాధరప్ప అనుకుంటి.”

“వానికెందుకు ఇవన్నీ,” అన్నాడు గంగాధరప్ప. తర్వాత, “అన్నం తింటివా?” అని అడిగాడు.

అనసూయమ్మ రాతిబల్ల రెండో కొసన కూర్చుంది. వాళ్లిద్దరి మధ్యా ఇంకో మనిషి కూర్చునేంత చోటు మిగిలింది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆయన ఆమె మీద చెయ్యెత్తింది లేదు, ఆమె మాటకు అడ్డం చెప్పింది లేదు. మొదటిసారి ఎన్నికకు నిలబడతానని ఆమె అన్నప్పుడు కూడా మగ్గం మీద నుంచి తలెత్తి చూసి, ‘నీకు చేతనైతే నిలబడు’ అన్నాడు గాని ‘వద్దు’ అనలేదు. అలాంటి మనిషి తనకు చెప్పకుండా, తను ఊళ్లో లేనప్పుడు ఇంత దూరం వచ్చి కూర్చున్నాడంటే దానికి ఏ అర్థం చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. కోపం రావాలి. ఎందుకో అది కూడా పూర్తిగా రావడం లేదు.

“ఎందుకు చేసినావు?” అంది చివరికి.

“నీ కోసమే.”

“నాకు ఎదురు నిలబడింది నా కోసమా?”

“విను రోంత,” అని గంగాధరప్ప గొంతు తగ్గించాడు. “ఓబుళప్ప వాళ్ల బామ్మర్ది పోతులయ్యను నీ మీద నిలబెట్టల్లని చూస్తాండె. పోతులయ్యంటే ఊర్లో సగం మంది వాని ఎనక పోతారు. నేను నిలబడతానంటి. మొగుడే నిలబడితే ఇంక పెండ్లాం గతేమి అనుకుని ఓబుళప్ప గమ్మునైపోయినాడు. పోతులయ్యను పక్కన పెట్టేసినాడు. ఇప్పుడు నామినేషన్లు వేసే గడువు దాటిపోయింది. నేను వాపసు తీసుకుంటినంటే నీకు ఎదురెవరూ ఉండరు.”

అనసూయమ్మ ఆయన ముఖంలోకి చూసింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

“ఈ మాట నాకు చెప్పి రాకూడదా? రైల్లో నా పాణం ఎంత కొట్టుకున్యాదో తెలుసునా?”

“నువ్వు హిందూపురంలో ఉంటివి కదా. ఎవరితో చెప్పి పంపుదును?”

“సరే లే. పోయి వాపసు రాసిచ్చేసి రా. నాలుగింటి రైలుకన్నా ముందే బస్సేమన్నా ఉందేమో చూస్తాం. బిడ్డ ఒక్కతే ఉంటాది.”

గంగాధరప్ప లేచాడు. ఆమె కూడా వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది. గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకుని, “రండి గంగాధరప్పగారూ, కూర్చోండి,” అని కుర్చీ చూపించాడు. అచ్చు కాగితం ఒకటి ముందు పెట్టి, కలం సిరాలో ముంచి చేతికిచ్చాడు. గంగాధరప్ప కుర్చీలో కూర్చున్నాడు. కలం పట్టుకున్నాడు. కాగితం మీదికి వంగాడు. ఫ్యాను లేని ఆ గదిలో ఆయన మెడ వెనక చెమట కోటులోకి కారడం గుమ్మంలోంచి అనసూయమ్మకు కనిపిస్తూనే ఉంది.

కాగితం మీద సిరా చుక్క ఒకటి పడింది. ఆయన కలం పక్కన పెట్టాడు.

“రోంత తాళి వస్తా సామీ,” అని లేచి బయటికి వచ్చేశాడు.

ఆమె వెంటపడింది. “ఏమాయె?”

“చెయ్యి రాలే.”

“చెయ్యి రాకపోవడమేమి? సంతకం నేర్పించింది నేనే కదా.”

“సంతకం రాక కాదు.”

ఆయన రాతిబల్ల దగ్గరికి పోలేదు. వసారా మెట్లు దిగి కానుగ చెట్టు నీడలోకి వెళ్లి నిలబడ్డాడు. కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు.

“ఇంట్లో బయల్దేరేటప్పుడు నీకు చెప్పినట్లే అనుకుంటి,” అన్నాడు. “అబద్ధం కాదు. ఈడికొచ్చి ఆ బోర్డు చూసినాక ఏమో అయిపోయింది నాకు. నేను నేసిన చీర యాడికి పోయినా దాని మీద వర్తకుని చీటీ ఉంటాది. నా పేరు ఎవరూ యాడా రాయలే. ఆ గుమాస్తా నన్ను కూర్చోమనె. గారూ అనె. ఊర్లో మూడేండ్ల నుంచి నన్ను అనసూయమ్మ మొగుడు అంటారు. నీకు తెలుసునా ఆ మాట?”

“వాళ్లంటే నన్నేం చేయమంటావు?”

“నువ్వేమీ చేయలే. నేను అదే చెప్తాండా, నీ తప్పేమీ లేదు.” ఆయన ఆమె వైపు తిరిగాడు. “కమిటీ మీటింగులకు నిన్ను ఎవరు పిల్చుకుని పోయినారు?”

“నువ్వే.”

“మీటింగు అయ్యేదాకా నేను యాడ ఉంటి?”

అనసూయమ్మకు ఆ ప్రశ్న ఎటు పోతోందో అప్పుడు అర్థమైంది. మీటింగులు బడి లోపల జరిగేవి. లాంతరు పట్టుకుని ఆయన ఆమెను గేటు దాకా దిగబెట్టేవాడు. మీటింగు అయ్యేదాకా బయట గోడవార నిలబడేవాడు. వానొస్తే వానలోనే, చలైతే చలిలోనే.

“కిటికీలోంచి అంతా వింటాంటి,” అన్నాడు గంగాధరప్ప. “ఓబుళప్ప ఏమనె, బడి అయ్యోరు ఏమనె, నువ్వేం జవాబు చెప్తివి, అంతా. ఇంటికొచ్చే దావలో నేను నీకు చెప్తాంటి. బావి బడి ముందర తవ్వితే ఆడపిల్లోళ్లు నీళ్లకు పోరు, ఎనక తవ్వల్ల అని చెప్పింది ఎవరు?”

“నువ్వు.”

“కమిటీలో ఎవరు చెప్పినారు?”

“నేను.”

“ఇన్‌స్పెక్టరు దొర వచ్చినప్పుడు ఈ బావి ఆలోచన ఎవరిది అని అడిగె. నేను గోడ బయటనే ఉంటి. నువ్వు గమ్మునుంటివి. ఓబుళప్పే చెప్పె, మా అనసూయమ్మది అని.”

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. అందరూ తనవైపు చూస్తే సిగ్గుపడి తలొంచుకుంది. ఆ సిగ్గులో సంతోషం కూడా ఉంది. ఇది మా ఇంటాయన మాట అని చెప్పాలని తోచలేదా, తోచినా చెప్పలేదా అన్నది ఇప్పుడు ఎంత తవ్వుకున్నా తెలియడం లేదు.

“అయితే నేను పోయి ఇంట్లో మగ్గానికి కండెలు చుట్టుకుంటా కూర్చోవల్లనా?” అంది. అనుకున్నదానికంటే గొంతు గట్టిగా వచ్చింది. వసారాలో ఎవరో తల తిప్పి చూశారు.

“నేను అట్లనలే.”

“ఇంకెట్ల? సీటు ఒకటే. నీ పేరుండల్లంటే నాది పోవల్ల.”

“నాకెందుకు ఉండకూడదు? అదొక్కటి చెప్పు.”

ఆయన అడిగిన దాంట్లో తప్పేముంది? ఆడపిల్లల చదువు గురించి ఆయనకూ పట్టింపుంది. ఓబుళప్ప ముందు ఆయన తనకంటే మెత్తగా మాట్లాడతాడు, ఆ మెత్తదనంతో పనులు జరిగినా జరగొచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటూనే, ఆ సీటు మాత్రం వదలబుద్ధి కావడం లేదు. బడి కోసమా? నీలావతి కోసమా? లేక తనను చూడగానే వీధి అరుగుల మీద మగవాళ్లు మాట ఆపి దారిచ్చే ఆ గౌరవం కోసమా? ఇంతకాలం బడి కోసమే అనుకుంది. పక్కన నిలబడ్డ మనిషి వేరే ప్రశ్న అడిగేదాకా తనను తాను ఆ మాట అడిగి చూడలేదు.

గంగాధరప్ప దగ్గరికి వచ్చాడు.

“ఇంకో మాటుండాది. నువ్వు నొచ్చుకుంటావని చెప్పకూడదనుకుంటి.”

“చెప్పు. ఇంక నొచ్చుకునేదేముంది.”

“నువ్వు కమిటీలో ఉంటే పంతులమ్మ తిరిగి రాదు.”

“ఎవరు చెప్పినారు?”

“ఆయమ్మే. పోయినవారం నేను పట్టు కోసం హిందూపురం పోయింటి కదా. కనుక్కుంటి. అనసూయమ్మ ఉన్నంత వరకు ఆ బడిలో కాలు పెట్టను అనె. నువ్వు క్లాసులోకి వచ్చి పిల్లోళ్ల ముందర ఆయమ్మను దిద్దుతావంట.”

అనసూయమ్మ చెట్టు మొదలు పట్టుకుంది.

ఒకసారి కాదు, చాలాసార్లు క్లాసులోకి వెళ్లిన మాట నిజం. తను పోరాడి తెచ్చుకున్న గది. వెనక బెంచీలో కూర్చుని పిల్లలు చదువుతుంటే వినడం ఇష్టం. ఒకరోజు జయలక్ష్మమ్మ బోర్డు మీద లెక్క చేస్తూ ఎక్కడో తడబడితే, లేచి వెళ్లి ఆమె చేతిలో సుద్దముక్క తీసుకుని తనే చేసి చూపించింది. పిల్లలు నవ్వారు. జయలక్ష్మమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో అప్పుడు చూసుకోలేదు. ఈ పొద్దున హిందూపురంలో ఆ మనిషి తన ముఖం చూడకుండా గోడ వైపు ఎందుకు చూస్తూ కూర్చుందో ఇప్పుడు తెలిసినట్టయింది. ఎదురుగా కూర్చుని, ఎందుకు వెళ్లిపోయినావమ్మా అని అడుగుతుంటే, నీవల్లనే అని ముఖం మీద ఎలా చెప్తుంది?

“ఇది తెలిసే నిలబడినావా?” అంది.

“తెలిసే. మన ఇంట్లోంచే ఒకరుంటారు. పంతులమ్మ వస్తాది. తరగతి నిలబడతాది. నీలావతి ఎనిమిది పాసయితాది.” ఆయన చెప్తున్నప్పుడు ఆమె కళ్లలోకి చూడలేదు. అది బాధవల్లనే అనుకుంది ఆమె.

లోపల గోడ గడియారం కొట్టింది. మూడున్నర.

అనసూయమ్మ చెట్టు వదిలి నడిచింది. గంగాధరప్పకు మొదట అర్థం కాలేదు. మెట్ల దగ్గర అందుకున్నాడు.

“యాడికి?”

“నాది వాపసు తీసుకుంటా.”

“ఆలోచించు రోంత.”

“పంతులమ్మ రావల్లనా వద్దా?”

ఆమె చెయ్యి పట్టి ఆపుదామని ఆయన చెయ్యి చాపాడు. నలుగురూ చూస్తున్నారనో మరెందుకో, ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు.

గుమాస్తా ఆమెకు కూడా కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“బాగా ఆలోచించుకున్నారా అమ్మా? సంతకం పడితే మళ్లీ మార్చడానికి లేదు. ఆయన ఒక్కరే మిగులుతారు, ఎన్నిక కూడా ఉండదు.”

“తెలుసు.”

నిలబడే సంతకం పెట్టింది. అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు. గుమాస్తా అద్దుడు కాగితం ఒత్తి, తన సంతకం చేసి, బంట్రోతును పిలిచాడు. బంట్రోతు వసారాలోకి వెళ్లి తడిగుడ్డతో నల్లబల్ల మీది మొదటి పేరు తుడిచేశాడు. రెండో పేరు ఒక్కటే మిగిలింది.

“రండి మెంబరుగారూ, మీరొచ్చి కూర్చోండి. దొరగారికి చెప్తాను,” అని గుమాస్తా నవ్వుతూ గుమ్మం వైపు చూశాడు.

గంగాధరప్ప లోపలికి వచ్చాడు. ఇందాక తను కూర్చున్న కుర్చీయే. దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు గాని కూర్చోలేదు.

అనసూయమ్మ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఇచ్చేసిందా, పోగొట్టుకుందా? మంచి పని చేశానన్న తృప్తి కోసం లోపల వెతికింది, దొరకలేదు. ఏడుపు వస్తుందేమో చూసింది, అదీ రాలేదు. ఊరికి తిరిగి వెళ్లాక వీధి ఆడవాళ్లకు ఏం చెప్పాలి? మా ఇంటాయన నిలబడ్డాడు కాబట్టి నేను తప్పుకున్నా అనాలా? నా వల్లనే పంతులమ్మ పోయింది అనాలా? ఏది చెప్పినా సగమే నిజమవుతుంది.

బస్సు స్టాండు వైపు నుంచి జట్కా ఒకటి వచ్చి గేటు ముందు ఆగింది. అందులోంచి తెల్లచీర కట్టుకున్న మనిషి ఆదరాబాదరాగా దిగి, జట్కావాడికి ఏదో చెప్పి లోపలికి నడిచింది. మెట్ల దగ్గరికి వచ్చేదాకా అనసూయమ్మ ఆమెను గుర్తుపట్టలేదు.

“అక్కా, ఈడనే ఉండావా. నువ్వు పెనుకొండలో దిగుతానంటివే, ఉంటావో లేదో అనుకుంటా వస్తి,” అంది జయలక్ష్మమ్మ రొప్పుతూ.

“నువ్వు ఇంక రావచ్చు పంతులమ్మా,” అంది అనసూయమ్మ. “నా పేరు తీసేసుకుంటి. కమిటీలో నేనుండను.”

“అదెందుకు?”

“నేనుంటే నువ్వు రానంటివి కదా.”

జయలక్ష్మమ్మ ఆమెకేసి చూస్తూ నిలబడింది. “నేనెప్పుడంటి ఆ మాట?”

“మా ఇంటాయనతో. పోయినవారం.”

“మీ ఇంటాయన్ను నేను చూసి రెండు నెలలయింది అక్కా. మీ ఊరు ఇడిచిపెట్టినాక చూడనే లేదు.”

గంగాధరప్ప అప్పటికి గుమ్మంలోకి వచ్చి ఉన్నాడు. ఆ మాట విన్నాడు. వెనక్కి లోపలికి పోదామనుకున్నట్టు ఒక అడుగు కదిలి, ఆగిపోయాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఆయన వైపు తిరిగారు.

అనసూయమ్మ అరవలేదు. “చెప్పు,” అంది అంతే.

“ఓబుళప్ప చెప్పినాడు,” అన్నాడు గంగాధరప్ప. “ఆయమ్మ అట్లనింది అని ఓబుళప్పే చెప్పినాడు. నిజమో కాదో కనుక్కుందామని హిందూపురంలో ఆయమ్మ వీధి మలుపు దాకా పోతి. ఒంటిగా ఉండే ఆడమనిషి ఇంటి తలుపు ఎట్ల తట్టేది అనిపించె. తిరిగొస్తి. కాని నమ్మినా. నిజ్జంగా నమ్మినా.”

“నమ్మితే ఓబుళప్ప చెప్పినాడు అనల్ల. ఆయమ్మే చెప్పింది అని నాతో ఎందుకంటివి?”

“ఓబుళప్ప పేరు చెప్తే నువ్వు నమ్మవు.”

ఇంత తేలిగ్గా ఉంది జవాబు. బావి మాట అడిగి తనను నిలదీసిన మనిషి, లాంతరుతో గోడవార నిలబడిన మనిషి, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి కూర్చోలేకపోయిన మనిషి, వీళ్లందరూ ఒకరే. వీళ్లలో ఎవరి మీద కోప్పడాలో అనసూయమ్మకు తోచలేదు. లోపల గడియారం నాలుగు కొట్టడం మొదలుపెట్టింది.

జయలక్ష్మమ్మ మెల్లగా వచ్చి మెట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.

“నువ్వు సుద్ద తీసుకున్న పొద్దు నాకు కోపమొచ్చిన మాట నిజమే. దాచుకోను. తెల్లారేసరికి పోయింది. ఆ మాత్రానికి బడి ఇడిచిపెట్టి పోతానా అక్కా? నాకు ఆ బడి తప్ప ఏముండాది?”

“మరెందుకు పోయినావు? పొద్దున అన్నిసార్లు అడిగితే ఎందుకు చెప్పలే?”

“మాటిచ్చినా. అందుకే చెప్పలే. నువ్వు పోయినాక ఇంట్లో కూర్చోలేకపోతి. మాట తప్పితే తప్పినా అనుకుని బస్సెక్కితి.”

“ఎవరికి ఇచ్చినావు మాట?”

జయలక్ష్మమ్మ గుమ్మంలో ఉన్న గంగాధరప్ప వైపు ఒకసారి చూసి, చూపు దించుకుంది.

“మీ నీలావతికి.”

అనసూయమ్మకు విన్నది సరిగా విన్నానా అని సందేహం కలిగింది. “మా నీలావతి నిన్ను పొమ్మనిందా?”

“సెలవులకు ముందర, పిల్లోళ్లందరూ పోయినాక ఒక్కతే ఉండిపోయింది. తలుపేసి నా కాళ్లు పట్టుకునింది. మీరుంటే ఈ తరగతి ఉంటాది, తరగతి ఉంటే మా అమ్మ నన్ను మానిపించదు, మీరు పోతేనే నేను బడి మానేదానికయితాది, పొండి టీచరమ్మా అని ఏడ్చింది. క్లాసులో అందరికంటే బాగా చదివే బిడ్డ. నాకు కాళ్లూ చేతులూ ఆడలే. ఎవరన్నా ఏమన్నా చేసినారా అని అడిగితి. తల ఊపింది. ఎవరు అంటే చెప్పలే. మీ అమ్మకు చెప్తానంటే, చెప్తే బావిలో పడతాననింది. ఇంక నేనేం చేసేది? పెట్టె సర్దుకుంటి.”

“ఏమీ చెప్పలేదా? ఒక్క మాటన్నా చెప్పలేదా నీకు?”

“గడప దాటేటప్పుడు ఒక్క మాటనింది. అది నీకు చెప్పల్లనే వచ్చినా. ఎందుకు మానల్లనో మా నాయనకు తెలుసు, అనింది.”

అనసూయమ్మ లేచి నిలబడింది. గుమ్మంలో ఆమె భర్త గుండీలు విప్పిన నల్ల కోటుతో, పాలిపోయిన ముఖంతో, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“నాకేమీ తెలీదు,” అన్నాడు గంగాధరప్ప.

గంట ముందైతే అనసూయమ్మ ఆ మాట నమ్మేది.